కడ్డీకి కట్టిన గుడ్డ

మేనేజరు మెట్లు దిగి వచ్చి, ఇస్త్రీ రోలర్ పక్కన నేల మీద కూలబడ్డ మనిషిని చూసి, మొట్టమొదట అన్న మాట ఇది.

“ముందా దుప్పటి తియ్యండి. రక్తం ఆరిపోతే మరక వదలదు.”

పొడుగమ్మ ఆ మాట విన్నది. అప్పుడామె తన తోడికోడలి చేతిని ఏప్రన్‌లో చుట్టి గుండెకు అదిమి పట్టుకుని కూర్చుని ఉంది. మూడు వేళ్ళు పోయాయి. మేనేజరు ఆ దుప్పటిని కొసన రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, మళ్ళీ ఉతుకుడికి వేయించాడు. ఆటో వచ్చేలోపే రోలర్ తిరగడం మొదలైంది. ఆసుపత్రి దుప్పట్లు ఆసుపత్రికి చేరాలి కదా మరి! ఆ దుప్పట్ల మీద పడుకోవడానికి మనుషుల్ని కూడా తన ఫ్యాక్టరీయే పంపుతోందని ఆయనకు తట్టలేదు. తట్టినా సిగ్గుపడే రకం కాదు.

అది దుప్పట్లు ఉతికే ఫ్యాక్టరీ. ఊళ్ళోని ఆసుపత్రుల, లాడ్జీల గుడ్డలన్నీ అక్కడికే వస్తాయి. షెడ్డు మధ్యలో వరసగా ఇస్త్రీ రోలర్లు. ఒక్కో రోలర్ దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని, దుప్పటిని ముడత లేకుండా లోపలికి అందిస్తారు. రోలర్ నోటి ముందు సన్నటి ఇనుప కడ్డీ ఉంటుంది. చెయ్యి దానికి తగిలిందా, రోలర్ టక్కున ఆగిపోవాలి. కాని దానికి చెయ్యేదో దుప్పటి మడతేదో తెలియదు. మడత తగిలినా ఆగుతుంది. ఆగితే మళ్ళీ అందుకోవడానికి కాసేపు పడుతుంది. అందుకని ఆ కడ్డీని పైకెత్తి, చిరిగిన దుప్పటి పీలికతో కట్టేస్తారు. ఏ రోలర్ చూసినా అంతే.

కట్టమని పైవాళ్ళు ఒక్కనాడూ నోరు తెరిచి చెప్పలేదు. చెప్పకుండా చేయించడంలోనే ఉంది ఆ పెద్దమనుషుల తెలివంతా. గోడ మీద ఒక బోర్డు. ఏ రోలర్ జంట ముందుందో ఆ జంట ఎదురుగా మెరిసే కాగితపు నక్షత్రం అంటిస్తారు. పలక పట్టుకున్న పిల్లలకిచ్చే నక్షత్రం, పిల్లల్ని పెంచి పెద్దచేసిన ఆడవాళ్ళకు! కడ్డీ కట్టకపోతే నక్షత్రం రాదు. నక్షత్రం రాని జంట సెలవు రోజు కూడా పనిలోకి రావాలి. దాని పక్కనే ఇంకో బోర్డు, ఎర్రటి అక్షరాలు. ‘కడ్డీని కదిలించరాదు. మీ భద్రతే మా ఊపిరి.’ రెండు బోర్డులూ ఒకే మేకుకు వేలాడుతుంటాయి.

పొడుగమ్మ, తోడికోడలు ఒక జంట. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి. పొట్టామె ఇంటికి పెద్దకోడలు, అందుకని పొడుగమ్మ ఆమెను అక్కా అనే పిలుస్తుంది. వీళ్ళిద్దరి జోడీ చూసి షెడ్డులో నవ్వుకునేవాళ్ళు గానీ, నక్షత్రం మాత్రం ఎప్పుడూ వీళ్ళదే. ఆ నక్షత్రాల ఫలితం ఇప్పుడు ఏప్రన్‌లో చుట్టి ఉంది.

వేళ్ళు పోయిన దానికి మేనేజరు చేసిన చికిత్స ఏమిటంటే, ఒక శిక్షకుణ్ణి పిలిపించాడు.

ఆయన కోటు వేసుకుని, చెవి పక్కన మైకు తగిలించుకుని వచ్చాడు. వచ్చింది మొదలు నవ్వుతూనే ఉన్నాడు. మధ్యాహ్నానికల్లా నవ్వుల మాస్టారని పేరు పడిపోయింది.

“ప్రమాదం మెషిన్‌లో పుట్టదు. మనసులో పుడుతుంది,” అన్నాడు, తన గుండె మీద తట్టుకుని. “మన మనసు మారితే మన చెయ్యి భద్రం.”

“అయితే పిచ్చిది మనసు కోసుకోవాల్సింది, వేళ్ళెందుకు కోసుకుందో!” అంది వెనక వరసలోంచి ఒక గొంతు. ఆమె పేరు మిరపకాయ. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది, దాన్నెవరూ వాడరు.

నవ్వుల మాస్టారు దానికీ నవ్వాడు. తర్వాత ఆటలు ఆడించాడు. కళ్ళు మూసుకుని వెనక్కి పడిపోవాలట, వెనకున్నవాళ్ళు పట్టుకుంటారని నమ్మాలట. నమ్మకమే నాయకత్వానికి పునాది అట. ఒకరి తర్వాత ఒకరు పడ్డారు, ఒకరినొకరు పట్టుకున్నారు. రోజంతా బరువైన తడి గుడ్డలు పట్టుకునే చేతులకు మనుషుల్ని పట్టుకోవడం ఒక లెక్కా!

“మీరూ పడండి సార్, మేం పట్టుకుంటాం,” అంది మిరపకాయ మేనేజరుతో.

మేనేజరు ఆ చేతుల వైపు చూశాడు. “నాకు నడుంనొప్పి,” అన్నాడు.

ఆఖరి ఆట వలయం. అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడాలి. ఎవరు లాగినా, ఎవరు తోసినా చెయ్యి వదలకూడదు. పొడుగమ్మ ఒక చేత్తో మిరపకాయను పట్టుకుంది. రెండో వైపు, అలవాటు కొద్దీ, తోడికోడలి కోసం చెయ్యి చాచింది. అక్కడెవరూ లేరు. మాస్టారు గబగబా పక్కామెను జరిపి ఆ ఖాళీ పూడ్చేశాడు. మేనేజరు బయటినుంచి సరదాగా ఒకరిద్దర్ని లాగి చూసి, “శభాష్! ఇదే కావాలి మనకు!” అన్నాడు. ఫోటో తీయించుకున్నాడు కూడా.

ఆ సాయంత్రమే కుర్చీ చేతులు మారింది.

షెడ్డు మొత్తానికి ఒకే ఒక్క కుర్చీ. మిగతా అందరూ నిలబడాలి. నెలసరి నొప్పయినా, కాళ్ళు వాచినా నిలబడాల్సిందే. కుర్చీలో కూర్చునే హక్కు సూపర్‌వైజర్ ఒక్కడిది. వాడు ఒకప్పుడు వీళ్ళతోపాటే తడి మూటలు మోసినవాడు. కూర్చున్నాక గొంతు మారింది, నడక మారింది, చివరికి పేరే మారి ‘కుర్చీ’ అయిపోయాడు. ఆ కుర్చీని అతని కింద నుంచి లాగినంత పని చేసి, మేనేజరు పొడుగమ్మ ముందు పెట్టాడు.

“నాయకత్వం మీలోంచే రావాలి. ఇవాళ్టి నుంచి నువ్వే టీమ్ లీడర్‌వి.”

కుర్చీ మళ్ళీ తడి మూటల దగ్గరికి పోయాడు. అతన్ని చూసి ఎవరూ జాలిపడలేదు.

పొడుగమ్మ కూర్చుంది. నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది. ఎన్నేళ్ళ తర్వాతో పనివేళ మోకాళ్ళకు విశ్రాంతి దొరికింది. మొదటి రోజు సిగ్గుపడుతూ కూర్చుంది. తర్వాత అలవాటుపడి కూర్చుంది. కూర్చుని చూస్తుంటే నిలబడినవాళ్ళందరూ బద్ధకస్తుల్లా కనిపించసాగారు. ఒకరోజు మిరపకాయ నీళ్ళు తాగడానికి వెళ్తే, “ఎన్నిసార్లమ్మా నీళ్ళు? కడుపా, ట్యాంకా?” అని అరిచింది. అరిచాక ఆ మాట తనది కాదని తెలిసింది. అచ్చం కుర్చీ మాట, అదే గొంతు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా లేవలేదు.

ఆ రోజే మేనేజరు గదికి పిలుపొచ్చింది.

“కూర్చోమ్మా,” అన్నాడు. ఆయన ఎవరినీ కూర్చోమనే మనిషి కాదు. పొడుగమ్మకు అక్కడే అనుమానం వచ్చింది.

“రేపు తనిఖీ అధికారి వస్తున్నాడు. నువ్వొక్క మాట చెప్పాలి. కడ్డీ కట్టింది మీ తోడికోడలే, ఎవరు వద్దన్నా వినలేదు అని.”

“అందరం కడతాం కదండీ.”

“అందరి సంగతి ఎవరడిగారు? నాయకుడన్నాక కష్టమైన నిజాలు చెప్పాలి.”

“అది నిజం కాదండీ.”

మేనేజరు నవ్వుల మాస్టారి దగ్గర కొత్తగా నేర్చుకున్న నవ్వు నవ్వాడు. “బయటివాళ్ళు చెబితే నమ్మరు. ఇంట్లో మనిషివి నువ్వు చెబితే నమ్ముతారు. అందుకే నిన్ను ఎంచుకున్నాను. చెబితే ఆమెకు గేటు దగ్గర కూర్చుని చేసే పని చూస్తాను. లేదంటావా, నిర్లక్ష్యం కింద తీసేస్తాం. వైద్యం సంగతి మీరూ మీరూ చూసుకోండి.”

పొడుగమ్మకు కుర్చీ సంగతి అప్పుడు అర్థమైంది. తన తెలివి చూసి ఇవ్వలేదు, తన పొడుగు చూసీ ఇవ్వలేదు. ఆ చుట్టరికం చూసి ఇచ్చాడు.

ఇంటికెళ్ళి రోజూలాగే అక్క వెనక కూర్చుని దువ్వెన తీసింది. అక్కకు ఒంటి చేత్తో జడ వేసుకోవడం రాదు. కుడి చెయ్యి కట్టుతో ఒళ్ళో పెట్టుకుని, గోడవైపు చూస్తూ అంది అక్క.

“ఇవాళ మిరపకాయను నీళ్ళు తాగనివ్వలేదట.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరు చెబితేనేం. కుర్చీ బాగా కుదిరిందన్నమాట.”

పొడుగమ్మ మేనేజరు అడిగినదంతా చెప్పేసింది. గేటు దగ్గర పని సంగతి కూడా దాచలేదు. దువ్వెన చిక్కుల్లో ఆగుతూ సాగుతోంది.

“చెబితే చెప్పుకో. నేనేమీ అనను,” అంది చివరికి. “కానీ ఆ చేత్తో మళ్ళీ నా జడ మాత్రం ముట్టుకోకు.”

పొడుగమ్మ జడ అల్లింది. కొసకు రిబ్బను కట్టింది.

మర్నాడు పని మొదలు కాకముందే, గుడ్డలు ఆరబెట్టే గదిలో అందరినీ పిలిచింది. తలుపు దగ్గర నిలబడి జరిగింది చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

“ఇప్పుడు గుర్తొచ్చామా? నిన్నటిదాకా మా మంచినీళ్ళు లెక్కపెట్టావుగా!” అంది మిరపకాయ.

“తప్పే. తిట్టు, పడతాను. కాని ముందు ఇది తేల్చండి.”

“తేల్చేదేముంది? ఆమె చెయ్యి ఎలాగూ తిరిగి రాదు. ఆ మాటేదో చెప్పేసి గేటు దగ్గర పనైనా దక్కించుకోండి,” అంది వయసు మళ్ళిన ఒకావిడ.

“రేపు నీ చెయ్యి పోతే నీ మీద ఎవరు చెప్పాలి పెద్దమ్మా? నీ కూతురా?” అంది మిరపకాయ.

పెద్దమ్మ చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది.

“అందరం కట్టామని చెబుదాం.”

“చెబితే అందర్నీ పీకేస్తాడు. వాడికేం, గేటు బయట ఎంతమంది లేరు!”

“పని ఆపేద్దాం!”

“ఆపితే తాళం వేస్తాడు. మన తప్పని రాస్తాడు.”

గొడవ పెరిగింది. ఎవరికి వాళ్ళు అరుస్తున్నారు. అప్పుడు తడి మూట మీద కూర్చుని ఉన్న కుర్చీ లేచాడు. అతను నోరు తెరవగానే అందరి మొహాలూ మాడిపోయాయి.

“నన్ను తిట్టండి, నాకు తగినదే. కాని ఒకటి వినండి. కడ్డీ కట్టడం నాకెవరు నేర్పారనుకున్నారు? ఈ మేనేజరే. అప్పుడు ఆయన సూపర్‌వైజర్. తన చేత్తో కట్టి చూపించాడు. రెండు చుట్లు, పైన ఒక మెలిక. మీకు నేను నేర్పిన ముడి ఆయన ముడే.” గొంతు సవరించుకున్నాడు. “మనిషిని మార్చడానికి పెద్ద మందేం అక్కర్లేదమ్మా, కూర్చోబెడితే చాలు. ఆయనకీ అదే జరిగింది, నాకూ అదే జరిగింది. ఈ పొడుగామె ఇంకో నెల కూర్చుంటే ఈమెకీ జరిగేది.”

పొడుగమ్మ కాదనలేదు.

“ఆ మాట ఆయన ఒప్పుకుంటాడా?” అంది పెద్దమ్మ.

“చచ్చినా ఒప్పుకోడు.”

“మరైతే చెప్పి ఏం లాభం?”

మిరపకాయ తలుపులోంచి కనబడే ఎర్రటి అక్షరాల బోర్డు వైపు చెయ్యి చూపించింది. “కడ్డీని కదిలించరాదు అని ఉందిగా. సరే, కదిలించొద్దు. కడ్డీలకు కట్టిన గుడ్డలన్నీ విప్పేద్దాం. ఆయన రాయించిన బోర్డునే నెత్తిన పెట్టుకుందాం. పని ఆపామని ఎవడనగలడు?”

గదంతా నవ్వింది. చాలా రోజులకు నవ్వారు వాళ్ళు, మాస్టారి నవ్వు లాంటిది కాదు అది.

తనిఖీ అధికారి వచ్చేసరికి ఏ కడ్డీకీ గుడ్డ లేదు. మేనేజరు ముందు అది చూసి పొంగిపోయాడు. పొడుగమ్మ తన మాట విని అంతా సర్దిపెట్టిందనుకున్నాడు. “చూడండి సార్, అన్నీ నియమం ప్రకారమే,” అని అధికారికి రోలర్ రోలర్‌నూ చూపించాడు. అధికారి తల ఊపాడు. షెడ్డులోనే కుర్చీ వేయించి, టీ చేతికిచ్చారు. వేసింది ఆ ఒక్కగానొక్క కుర్చీయే. నవ్వుల మాస్టారు కూడా వచ్చి పక్కన నిలబడి నవ్వుతున్నాడు.

రోలర్లు తిరిగాయి. మడత తగిలింది, ఒక రోలర్ ఆగింది. దాన్ని అందుకునేలోపు ఇంకోటి ఆగింది. ఆడవాళ్ళు ఏ తొందరా లేకుండా చేతులు కట్టుకుని నిలబడ్డారు. మళ్ళీ తిరిగితే మళ్ళీ అందించారు. మళ్ళీ ఆగింది. తడి మూటలు గుట్టలు పడ్డాయి. బయట ఆసుపత్రి వ్యాను హారన్ మోగించింది. మేనేజరు ఫోను మోగింది. ఒకసారి కట్ చేశాడు, రెండోసారి ఎత్తి, “వస్తున్నాయండీ, వచ్చేస్తున్నాయి,” అన్నాడు. చెమట పట్టింది.

పొడుగమ్మ పక్కకొచ్చి పళ్ళ సందున అన్నాడు. “కట్టించు.”

“ఏం కట్టించాలి సార్?” అంది పొడుగమ్మ, షెడ్డంతా వినబడేలా.

“అదే.”

“అదంటే ఏది సార్?”

“ఏది సార్?” అంది మిరపకాయ అవతలి రోలర్ దగ్గర్నుంచి.

“చెప్పండి సార్, కడతాం,” అంది పెద్దమ్మ.

మేనేజరు ఫోను మళ్ళీ మోగింది. అవతలి మనిషి ఏమన్నాడో గానీ, మొహం ఎర్రబడింది. మనసు మార్చుకోవడం గురించి అన్ని పాఠాలు చెప్పించిన మనిషి తన కోపాన్ని మాత్రం పట్టుకోలేకపోయాడు. మూలనున్న చిరిగిన దుప్పటి లాగి, పళ్ళతో కొరికి, సర్రున ఒక పీలిక చింపాడు. దగ్గరున్న రోలర్ కడ్డీని పైకెత్తి కట్టేశాడు. రెండు చుట్లు, పైన ఒక మెలిక. కళ్ళు మూసుకుని కూడా వేయగలిగినంత చులాగ్గా వేశాడు.

“ఇంత పని చేతకాదా మీకు!” అని అరిచాడు. “పెట్టండి దుప్పటి!”

రోలర్ ఆగకుండా తిరుగుతోంది. ఎవరూ కదల్లేదు.

“మీరే పెట్టండి సార్,” అంది పొడుగమ్మ. “ముడి గట్టిగానే ఉంది కదా. చెయ్యి పెట్టండి.”

మేనేజరు చెయ్యి గబుక్కున జేబులోకి పోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, వెనక కుర్చీలో ఎవరున్నారో. అందరూ అధికారి వైపు చూశారు. అధికారి కప్పులోకి చూశాడు. అడుగున ఏదో రాసి ఉన్నంత శ్రద్ధగా చూశాడు. తర్వాత కప్పు కింద పెట్టి, “నేను టీ తాగుతున్నాను. ఏమీ గమనించలేదు,” అని లేచి పోయాడు. ప్రజల కోసమని పెట్టిన కళ్ళవి. నవ్వుల మాస్టారు ఆయన వెనకే జారుకున్నాడు, నవ్వడం మరిచిపోయి.

మేనేజరుకు ప్రాణం లేచి వచ్చింది. ముడి విప్పేస్తే అయిపోతుంది. రోలర్ వైపు అడుగు వేశాడు.

“ఆ ముడి విప్పనివ్వకండి, అదే మన సాక్ష్యం!” అంది పొడుగమ్మ. “ఈయన చూడకపోతే ఇంకొకడు చూస్తాడు. ఎవడూ చూడకపోతే ఊరంతా చూస్తుంది. చుట్టూ నిలబడండి!”

మిరపకాయ ముందుకొచ్చింది. పెద్దమ్మ వచ్చింది. తడి మూటలు వదిలేసి కుర్చీ వచ్చాడు. చేతులు పట్టుకుని రోలర్ చుట్టూ గుండ్రంగా నిలబడ్డారు. ఎవరు లాగినా, ఎవరు తోసినా చెయ్యి వదలకూడదు. మేనేజరు లాగాడు. ఈసారి సరదాకు కాదు. ఒక్క చెయ్యీ ఊడిరాలేదు.

పోలీసులు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. వేళ్ళు తెగిన నాడు ఆటో కూడా ఇంత త్వరగా రాలేదు.

“మీ నాయకురాలెవరు?” అన్నాడు ఎస్సై.

ఎవరూ పలకలేదు. మేనేజరు పొడుగమ్మను వేలు పెట్టి చూపించాడు. “ఇదిగో, ఈవిడే సార్. టీమ్ లీడర్.”

“ఎవరు చేశారు లీడర్‌ని?”

“నేనే,” అన్నాడు మేనేజరు.

షెడ్డంతా పగలబడి నవ్వింది. ఎస్సైకి నవ్వెందుకో అర్థం కాక, అందరి మీది కోపమూ పొడుగమ్మ మీద చూపించి, రెక్క పట్టుకుని లాక్కెళ్ళాడు. ఆమె చెయ్యి విడిపోయిన చోట వలయంలో ఖాళీ పడింది. మేనేజరు ఎక్కడి నుంచో కత్తెర సంపాదించి, ముడి కోసెయ్యడానికి అటే పరుగెత్తాడు.

గేటు దగ్గర అక్క ఎదురొచ్చింది. కబురు ఎవరు మోశారో, కట్టు కట్టిన చేత్తో, సగం ఊడిన జడతో రొప్పుతూ వచ్చింది. పోలీసుల మధ్య పొడుగమ్మను చూసి ఆగిపోయింది.

“చెప్పావా?” అంది.

“చెప్పలేదు.”

అక్క షెడ్డులోకి పరుగెత్తింది. పొడుగమ్మను జీపు ఎక్కిస్తుంటే, తెరిచి ఉన్న షెడ్డు తలుపులోంచి అంతా కనబడింది. అక్క ఆ ఖాళీలో నిలబడింది. వేళ్ళు లేని చేతిని ఎక్కడ పట్టుకోవాలో మిరపకాయకు ఒక్క క్షణం తోచలేదు. తర్వాత మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుంది. మేనేజరు కత్తెరతో వలయం చుట్టూ తిరుగుతున్నాడు, సందు కోసం వెతుక్కుంటూ.

జీపు గేటు దాటేసరికి రెండో షిఫ్టు వాళ్ళు గుంపుగా ఎదురొస్తున్నారు. పోలీసుల్ని చూసి ఆగారు.

“ఏమైందక్కా? ఏం చేశావు?” అని ఒక పిల్ల అరిచింది.

“మేనేజరే తన చేత్తో కడ్డీకి ముడి వేశాడు,” అని పొడుగమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. “లోపలికెళ్ళి చూడండి. ముట్టుకోవద్దు. చేతులు పట్టుకుని నిలబడండి.”

పోలీసు ఆమె తలను లోపలికి నెట్టాడు. వెనక్కి తిరిగి చూస్తే, రెండో షిఫ్టు గేటులోంచి లోపలికి పరుగెత్తుతోంది.